పాత టేకు కిటికీ పీకేసే ముందు

మూడేళ్ళ కిందట వేసవి సెలవులకి మా తమ్ముడు జేబులో టేపు వేసుకుని ఊరికొచ్చాడు. "అక్కా, ఈ కిటికీలన్నీ పీకించేసి యూపీవీసీ ప్లాస్టిక్‌వి పెట్టించేద్దాం. ఏసీ చల్లదనమంతా సందుల్లోంచి వీధిలోకే పోతోంది" అన్నాడు. వాడి మాటలో సగం నిజం. చల్లదనం పోతున్నది సందుల్లోంచే. కానీ సందు పూడ్చడానికి కిటికీ పీకడం దేనికి? చొక్కాకి గుండీ ఊడితే చొక్కా పారేస్తామా?

మా ఇల్లు రామచంద్రపురంలో ఉంది. 1934లో కట్టారు. రంగూన్‌లో గుమస్తాగా పనిచేసి వచ్చిన మా ముత్తాత బర్మా టేకు ఓడ మీద కాకినాడ రేవుకి తెప్పించాడని ఇంట్లో చెప్పుకునే మాట. పదకొండు కిటికీలు. ఒక్కోటి నాలుగడుగుల వెడల్పు, ఐదడుగుల ఎత్తు. బయటికి తెరుచుకునే రెండు చెక్క రెక్కలు, లోపల నిలువు ఊచలు, పైన రంగుటద్దాల వెంటిలేటరు. 1996 నవంబరు 6న వచ్చిన తుఫానుకి మా పెంకులు సగం ఎగిరిపోయాయి గానీ కిటికీ రెక్క ఒక్కటీ ఊడలేదు. అలాంటివాటిని పాత సామాను కొట్టుకి తోలడానికి నాకు మనసొప్పలేదు. ఈ మూడేళ్ళలో తొమ్మిది బాగు చేయించాను. సగం పని నేనే చేశాను. నేను లెక్కల పద్దులు రాసుకునే మనిషిని, ఉలి పట్టడం యాభై దాటాక నేర్చుకున్నాను. కాబట్టి ఇందులో మీరు చేయలేనిదేమీ లేదు.

ముందు సందు ఎక్కడుందో చూడండి

ఏసీ గదిలో ఫ్యాను ఆపేసి, తలుపులూ కిటికీలూ మూసి, పక్కనున్న బాత్రూం తలుపు తీసి అక్కడి ఎగ్జాస్టు ఫ్యాను వేయండి. అగరుబత్తి వెలిగించి కిటికీ అంచు వెంబడి నెమ్మదిగా తిప్పండి. పొగ నిటారుగా లేస్తే అక్కడ గాలి లేదు. లోపలికి వంగిందంటే అక్కడ సందుంది, సుద్దముక్కతో గీత పెట్టుకోండి. రెండో పరీక్ష రాత్రి పూట. బయట ఒకరు టార్చి వేసి పట్టుకుంటే లోపల చీకట్లో వెలుగు గీతలు కనపడతాయి. మూడోది బిల్లు కాగితం. రెక్క మూసేటప్పుడు మధ్యలో కాగితం పెట్టి, గడియ వేశాక లాగండి. చిరగకుండా జారి వచ్చేస్తే అక్కడ రెక్క ఆనడం లేదు.

ఆ సందుల్ని తక్కువ అంచనా వేయొద్దు. మా కిటికీకి చుట్టుకొలతా, రెండు రెక్కలు కలిసే గీతా కలిపి దాదాపు 7 మీటర్లు. సందు 2 మిల్లీమీటర్లే అనుకోండి. మొత్తం 140 చదరపు సెంటీమీటర్లు. అంటే గోడకి 12 సెంటీమీటర్ల పొడుగూ అంతే వెడల్పూ ఉన్న కన్నం కొట్టి వదిలేసినట్టు. పడగ్గదికి అలాంటి కిటికీలు రెండు. ఏసీ రాత్రంతా ఆగకుండా తిరిగిందంటే వింతేముంది?

పంచాంగం చూసుకుని మొదలుపెట్టండి

ముహూర్తం కోసం కాదు, చెక్క కోసం. మొదటి కిటికీ నేను శ్రావణంలో మొదలెట్టాను. రెక్క పట్టేసి మూసుకోవడం లేదని, కుర్రవడ్రంగి ఒకర్ని పిలిచి అంచంతా చిత్రిక పట్టించాను. హాయిగా మూసుకుంది. మాఘంలో చూస్తే రెండు రెక్కల మధ్య పెన్సిలు దూరేంత సందు! వానాకాలం తేమకి చెక్క ఉబ్బుతుంది, పొడి రోజుల్లో కుంచించుకుపోతుంది. ఉబ్బినప్పుడు చెక్కింది మళ్ళీ అతకదు.

రెండో కిటికీకి మా వీధి చివరి ముసలి మేస్త్రీ గారిని బతిమాలి తీసుకొచ్చాను. డెబ్బై దాటినాయన. చిత్రిక సంచీలోంచి బయటికే తీయలేదు. రెక్కని కింద నుంచి కాస్త పైకెత్తి చూశాడు. అది కటకటమని కదిలింది. "అమ్మాయిగారూ, కర్రకేం కాలేదండి. మడతబందు జారిపోయిందండి. రెక్క బరువుకి కిందకి దిగి గడప రాసుకుంటంది. కర్రని కోసేస్తే దాని పాపం మనకి తగులుతుందండి" అన్నాడు. అంటే నా మొదటి కిటికీకి చిత్రిక అవసరమే లేదన్నమాట. ఇప్పటికీ ఆ రెక్క అంచుకి అతికించిన టేకు పట్టీ చూసినప్పుడల్లా సిగ్గేస్తుంది.

మా కోస్తాలో ఈ పనికి మాఘం, ఫాల్గుణం మంచివి. రోహిణి కార్తె ముట్టేలోపు రంగులతో సహా అయిపోవాలి.

రెక్క దించడం, బందులు బిగించడం

ఒకసారి ఒక్క కిటికీయే విప్పండి. నాలుగు విప్పి వరసగా పెట్టుకుంటే ఏది ఎక్కడిదో తేలదు. చేత్తో చేసిన పనిలో ఏ రెండు రెక్కలూ ఒక కొలత ఉండవు. మా వాటికి బందుల వైపు అంచున, రంగు కింద, ఉలితో పెట్టిన గాట్లు బయటపడ్డాయి. ఒకదానికి ఒకటి, పక్కదానికి రెండు, ఇలా పదకొండు దాకా. 1934 నాటి వడ్రంగి తన గుర్తుకోసం పెట్టుకున్నవి. మీ వాటికి లేకపోతే మీరే పెట్టండి.

స్క్రూల తలల్లో ఏళ్ళ రంగు గట్టిపడి ఉంటుంది. పదునైన మేకుతో గాడి శుభ్రం చేశాకే స్క్రూడ్రైవరు పెట్టండి, లేదంటే తల అరిగిపోయి ఎందుకూ పనికిరాదు. ఊడి వచ్చిన బందుని కిరోసిన్లో ఒక రాత్రి నానబెట్టి వైరు బ్రష్షుతో రుద్దితే చాలా మటుకు మళ్ళీ తిరుగుతుంది. ఇత్తడివైతే అస్సలు పారేయకండి.

స్క్రూ కన్నం వదులైపోయిందా? దాంట్లో జిగురు రాసిన టేకు పుల్ల బిగుతుగా దిగ్గొట్టి, ఎండాక పైకి వచ్చింది కోసేసి, దాని మధ్యలో సన్న కన్నం వేసి అదే స్క్రూ ఎక్కించండి. మాకు చాలా కిటికీల్లో ఈ ఒక్క పనితోనే రెక్క తన చోటికి లేచి కూర్చుంది, కాగితం పరీక్షలో సగం చోట్ల నెగ్గింది. ఇంకే పనీ చేయలేకపోయినా ఇదొక్కటి చేయండి.

రంగు

ఇక్కడ మాత్రం తొందరపడకండి. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల్లో 90 భాగాలు) దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2016లో వచ్చి 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసినదేదైనా సీసం ఉన్నట్టే అనుకోండి. పొడిగా సాండ్‌పేపరు పట్టి ఆ దుమ్ము పీల్చడం, బ్లో ల్యాంపుతో కాల్చి ఆ పొగ పీల్చడం, రెండూ చేయకూడదు. చిన్నపిల్లలున్న ఇంట్లో మరీనూ.

నేను పెరట్లో ప్లాస్టిక్ షీటు పరిచి, మంచి మాస్కు పెట్టుకుని, స్ప్రేతో నీళ్ళు చిమ్ముకుంటూ తడి మీదే గీకాను. కదలని చోట రంగు తీసే జెల్ రాసి అరగంట ఆగాను. గీకిన రంగు పొట్టునంతా షీటుతో సహా మూటగట్టాలి, ఊడ్చి మొక్కల్లో పోయకూడదు. ఆ బట్టలు విడిగా ఉతకాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది, రంగంతా తీయాలన్న పట్టుదల పెట్టుకోకండి. గట్టిగా అంటుకుని ఉన్న చోట తడి ఎమ్రీ పేపరుతో మెరుపు చంపి వదిలేయొచ్చు. మా వాటి మీద పైన క్రీము, కింద నీలం, ఇంకా కింద గచ్చకాయ రంగు, అట్టడుగున ముదురాకుపచ్చ ఉన్నాయి. బందు కింద అరచెయ్యంత మేర ఆ పొరలన్నీ అలాగే ఉంచేశాను. ఎవరైనా అడిగితే చూపించడానికి. ఇప్పుడు కిటికీలన్నిటికీ ఆ అడుగు రంగే వేయిస్తున్నాను.

పుచ్చు, చెద, తుప్పు

సన్న స్క్రూడ్రైవరు మొనతో చెక్కని నొక్కుతూ పోండి. దిగబడితే అక్కడ పుచ్చు. ఎప్పుడూ కింది అడ్డపట్టీలోనూ గడప చెక్కలోనూ ఉంటుంది, నీళ్ళు నిలిచేది అక్కడే కాబట్టి. టేకు చేవకి, అంటే నడిమి గట్టి చెక్కకి, చెద తొందరగా పట్టదు. చేవ చుట్టూ ఉండే తెల్ల చెక్కకి మాత్రం పడుతుంది. మా గడపల్లో చెద తిన్నదంతా ఆ తెల్ల భాగమే, చేవ ఇనుములా నిలిచింది.

పుచ్చినంత మేర చదరంగా కోసి, పాత టేకు ముక్క అతికించాలి. కొత్త టేకు అక్కర్లేదు. పాత ఇళ్ళ కలప అమ్మే కొట్లు రాజమండ్రిలోనూ కాకినాడలోనూ ఉన్నాయి, విరిగిన గుమ్మం ముక్క ఒకటి కొంటే నాలుగు కిటికీలకి వస్తుంది. చార పాత చెక్క చార వైపే పోవాలి. బయటి వైపు అతుకు గీత కిందకి వాలుగా ఉండాలి, వాన నీరు జారిపోవాలి గానీ లోపలికి దిగకూడదు. టేకులో సహజంగా నూనె ఉంటుంది, అది జిగురుని పట్టనివ్వదు. అతికించే ముందు రెండు ముఖాలూ అసిటోన్‌తో తుడిచి, అది ఆరిన వెంటనే ఎపాక్సీ పెట్టి బిగించేయాలి. మర్నాటికి వాయిదా వేస్తే నూనె మళ్ళీ పైకి ఊరుతుంది. తెల్ల జిగురులో రంపపు పొట్టు కలిపి పూడ్చే పద్ధతి లోపలి బల్లలకి సరే, వాన తగిలే చోట ఏడాది నిలవదు.

చెద కోసం వెలిగారం (బోరాక్స్) వేడినీళ్ళలో కరిగించి, గీకిన పచ్చి చెక్క మీద రెండు మూడు సార్లు పూశాను. వానకి కడుక్కుపోతుంది కాబట్టి ఆరాక రంగు తప్పనిసరి. మట్టి గూడు గోడలోంచి వస్తోందంటే మాత్రం చెదల మందు కొట్టేవాళ్ళని పిలవాల్సిందే.

ఊచల సంగతి చాలామంది వదిలేస్తారు. ఇనుము తుప్పు పడితే లావెక్కుతుంది, లావెక్కి చట్రాన్ని చీలుస్తుంది. మా కిటికీల్లో చీలికలన్నీ ఊచ దిగిన కన్నం దగ్గరే. తుప్పు గీకి, ప్రైమరు వేసి, కన్నం చుట్టూ నీళ్ళు దిగకుండా లప్పం (పుట్టీ) పెట్టి రంగు కొట్టాలి.

అద్దాలు, లప్పం

మా వెంటిలేటర్లలో ఎర్ర, నీలం, ఆకుపచ్చ అద్దాలు. పాత లప్పం రాయిలా ఉంటుంది. ఉలి పెట్టి కొడితే అద్దం పగిలినట్టే. ఒక నీలం ముక్క అలాగే పోగొట్టుకున్నాను. అలాంటి నీలం ఎక్కడా దొరకలేదు, అక్కడిప్పుడు మామూలు అద్దం ఉంది. పొద్దున్న గది నేల మీద పడే రంగుల్లో ఆ ఒక్క గడీ తెల్లగా కనిపిస్తుంది. కదలకుండా ఉన్న అద్దాన్ని విప్పకండి. ఊడిన మేర లప్పం తీసి అంతవరకే కొత్తది పెట్టండి.

లప్పం ఇంట్లోనే కలుపుకోవచ్చు. సుద్దపొడి కుప్ప పోసి, మధ్యలో గుంట చేసి, ఉడికించిన అవిసె నూనె కొద్దికొద్దిగా పోస్తూ చపాతీ పిండికన్నా గట్టిగా వచ్చేదాకా మర్దించాలి. హార్డ్‌వేర్ కొట్టులో డబుల్ బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్ అని అడగండి. పెట్టే ముందు చెక్క గాడికి అదే నూనె పూయాలి. లేకపోతే ఎండు చెక్క లప్పంలోని నూనె పీల్చేసుకుని అది పగుళ్ళిస్తుంది. పైన పొర గట్టిపడడానికి వారం పది రోజులు పడుతుంది, ఆ తరవాతే రంగు. రంగు వేసేటప్పుడు బ్రష్షు లప్పం దాటి అద్దం మీదకి ఒక రెండు మిల్లీమీటర్లు వెళ్ళాలి. చూడ్డానికి తప్పులా ఉంటుంది గానీ నీళ్ళని ఆపేది ఆ గీతే.

ఒక హెచ్చరిక. అవిసె నూనె తుడిచిన గుడ్డలు ఉండ చుట్టి మూలన పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. విడదీసి దండెం మీద ఎండబెట్టండి, లేదా నీళ్ళ బకెట్లో వేయండి.

గడప, గోడ

కిటికీ గడప చెక్క బయటికి వాలి ఉండాలి. దాని అడుగున, బయటి అంచుకి దగ్గరగా, సన్న గాడి ఉందేమో వేలితో తడిమి చూడండి. చెక్కని పట్టుకుని అడుగు నుంచి గోడలోకి పాకే నీటి చుక్క ఆ గాడి దగ్గర తెగి కింద పడుతుంది. మా వాటిలో రంగుల కింద పూడుకుపోయి ఉంది, మేకుతో గీకి తెరిచాను. చట్రానికీ గోడకీ మధ్య ఊడిన చోట సిమెంటు కొట్టకండి. మాది గానుగ సున్నం గోడ. సున్నం తేమని పీల్చి మళ్ళీ వదిలేస్తుంది, సిమెంటు చెక్క పక్కనే తేమని పట్టి ఉంచుతుంది. సున్నం, ఇసుక కలిపి పూడ్పించాను.

ఇప్పుడు సందు మూయాలి

ఇవన్నీ అయ్యాకే రబ్బరు. జారిన రెక్కకి రబ్బరు అతికిస్తే నెల తిరక్కుండా ఊడొస్తుంది. రెక్క వచ్చి చట్రంలో ఆనే మెట్టు ఉంటుంది కదా, ఆ మెట్టు వెంబడి లోపల బోలుగా ఉండే సిలికాన్ బీడింగు అతికించాలి. అది నొక్కుకుంటుంది కాబట్టి శ్రావణంలో చెక్క ఉబ్బినా సర్దుకుంటుంది. ఉన్న సందుకన్నా కాస్త లావుది చాలు. మరీ లావైతే గడియ పడక, బలవంతంగా లాగి మళ్ళీ బందులు జార్చుకుంటారు. బందుల వైపు పల్చటి పట్టీ, రెండు రెక్కలు కలిసే చోట బ్రష్ పట్టీ బాగుంటాయి. వాటి మీద రంగు పడనివ్వకండి, బిరుసెక్కిపోతాయి.

రెక్క కిందా పైనా రెండు గడియలూ బిగుతుగా పడాలి. ఒక్క గడియే ఉంటే రెక్క పై భాగం ఒంపు తిరుగుతుంది, ఎంత రబ్బరు పెట్టినా అక్కడ గాలి దూరుతుంది.

ఉత్సాహం మీద నేను చేసిన రెండో తప్పు ఇక్కడే. పడగ్గది వెంటిలేటరుని సీలెంటుతో శాశ్వతంగా మూసేశాను. భాద్రపదం వచ్చేసరికి బీరువా వెనక గోడంతా నల్లటి బూజు. పుస్తకాలకి ముక్కిన వాసన. ఏసీ వేయని రోజుల్లో ఈ ఇల్లు ఆ వెంటిలేటర్లలోంచే ఊపిరి పీలుస్తుంది. సీలెంటు కోసి తీసేసి, దాని బదులు లోపలి వైపు 3 మిల్లీమీటర్ల అక్రిలిక్ పలక మ్యాగ్నెట్ పట్టీతో అమర్చాను. వేసవిలో ఏసీ వేసే నెలల్లో ఉంచుతాను, తొలకరికి తీసి మంచం కింద పెడతాను. అద్దానికీ పలకకీ మధ్య నిలిచిన గాలి వేడిని కొంత ఆపుతుంది, రంగులూ కనపడతాయి. గ్యాస్ గీజరు ఉన్న స్నానాల గది వెంటిలేటరు జోలికి మాత్రం వెళ్ళకండి. అది మూస్తే ప్రాణాల మీదకి వస్తుంది.

ఎండని బయటే ఆపండి

సందులు మూసినంత మాత్రాన పని అయిపోదు. ఎండ అద్దం దాటి లోపలికొచ్చాక పరదా వేసి లాభం లేదు, వేడి అప్పటికే గదిలో ఉంది. మా చెక్క రెక్కలు బయట ఉండడంలోని తెలివి నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. మా నాయనమ్మ తొమ్మిదింటికల్లా తూర్పు కిటికీలు మూసేది, మధ్యాహ్నం భోజనాలయ్యాక పడమటివి మూసేది, సాయంత్రం సముద్రపు గాలి మళ్ళగానే అన్నీ బార్లా తెరిచేది. నేనూ అదే వేళలు పాటిస్తున్నాను. వడగాడ్పు పొడిగా వీచే రోజుల్లో వట్టివేళ్ళ తడక కట్టి తడిపితే బ్రహ్మాండం. ఉక్కపోత రోజుల్లో తడిపితే ఇంకా ఉక్క, అప్పుడు వద్దు.

మా తమ్ముడు మొదట్లో అల్యూమినియం కూడా అన్నాడు. అల్యూమినియం ఫ్రేము వేడిని టేకుకన్నా దాదాపు వెయ్యి రెట్లు సులువుగా పాకనిస్తుంది. మే నెల మధ్యాహ్నం ఒకసారి పక్కింటి ఫ్రేము లోపలి వైపు చెయ్యి పెట్టి చూసి, తరవాత మా రెక్క లోపలి వైపు పెట్టి చూడమన్నాను. ఆ తరవాత ఆ మాటెత్తలేదు.

కరెంటు బిల్లు ఎంత తగ్గిందని అడుగుతారు. ఆ మధ్యలో ఫ్రిజ్ కూడా మార్చాను కాబట్టి కిటికీల వాటా ఇంతని చెప్పలేను. ఇదివరకు 22లో పెట్టినా ఏసీ తెల్లార్లూ ఆగేది కాదు. ఇప్పుడు 26లో పెట్టి, నెమ్మదిగా ఫ్యాను వేస్తే, అర్ధరాత్రి దాటాక బయటి యూనిట్ ఆగి ఆగి తిరగడం వినపడుతోంది.

ఏటా దీపావళి ముందు శుభ్రాలప్పుడు స్క్రూలు బిగిస్తాను, బందుల్లో రెండు చుక్కల నూనె వేస్తాను, పగిలిన లప్పం దిద్దుతాను. కిటికీకి పావుగంట.

మిగిలిన రెండూ వంటింటివి. తొంభై ఏళ్ళ పొయ్యి పొగ రంగు మీద తారులా గట్టిపడింది. మేస్త్రీ గారికి మోకాళ్ళ నొప్పులు, నిచ్చెన ఎక్కలేడు. కింద కుర్చీ వేసుక్కూర్చుని చెబుతానన్నాడు, నిచ్చెన మా తమ్ముడు ఎక్కుతానన్నాడు. మాఘం కోసం చూస్తున్నాం.